ధర్మవరం పేరు మీ కీవర్డు కాదు

ఎస్ఈఓ, డిజిటల్ మార్కెటింగ్ సంస్థలు నడుపుతున్న పెద్దలకు, ఆ సంస్థల్లో పేజీలు రాస్తూ, లింకులు కడుతూ పనిచేస్తున్న తెలుగు యువతీయువకులకు,



‘క్లయింటు సెర్చ్ ఫలితాల్లో ర్యాంకు అడిగాడు, ర్యాంకు తెచ్చిపెట్టాం, అమ్మే సరుకు అసలుదో నకిలీదో తేల్చడం మా పని కాదు.’ మీ వృత్తిలో ఈ మాట ఎంత మామూలైపోయిందంటే, అనేవాళ్ళకు ఇందులో తప్పుందేమో అన్న అనుమానం కూడా రావడం లేదు. కొత్తగా చేరిన పిల్లలకు మొదటి వారంలోనే దీన్ని వృత్తిధర్మంలాగా నేర్పుతున్నారు. ధర్మవరంలో, సోమందేపల్లిలో, హిందూపురం పక్కన ముదిరెడ్డిపల్లిలో మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చునే జనం మధ్య పెరిగినవాణ్ణి. ఈ మాటను నేను ఒప్పుకోలేను. ఎందుకో వివరంగా చెప్పాలనే ఈ లేఖ.

ఒక్క పేజీని దగ్గరనుంచి చూద్దాం. ధర్మవరం పట్టు చీర అని ఫోనులో వెతికేవాళ్ళకు తగిలే రకం పేజీ. మీద శీర్షిక: ‘ధర్మవరం ప్యూర్ సిల్క్ హ్యాండ్లూమ్ సారీ, కాంచీపురం, బనారసీ, సాఫ్ట్ సిల్క్, బ్రైడల్, విత్ బ్లౌజ్ పీస్’. దాని కింద ఎర్రంచు ఆకుపచ్చ చీరలో పెళ్ళికూతురి ఫొటో. ధర ఏడెనిమిది వందలు. వేలితో కిందికి తోసుకుంటూ పోయి, మడతపెట్టి ఉన్న వివరాలను తెరిస్తే, ‘ఫ్యాబ్రిక్’ అన్నచోట చిన్న అక్షరాల్లో ‘ఆర్ట్ సిల్క్’ అనో ‘లిచీ సిల్క్’ అనో ‘సిల్క్ బ్లెండ్’ అనో కనిపిస్తుంది. ఆర్ట్ సిల్క్ పట్టు కాదు, కృత్రిమ దారం. ఆ ధరకు ఒక అసలు చీరకు పట్టే రేషం కూడా రాదు.

ఒకే చీరను ధర్మవరంలోనూ, కంచిలోనూ, కాశీలోనూ ఎలా నేస్తారు? శీర్షిక రాసినవాళ్ళకు ఈ సందేహం రాలేదా? వచ్చే ఉంటుంది. ఏ మాటను నెలకు ఎంతమంది వెతుకుతున్నారో చూపించే పట్టిక వాళ్ళ ముందు ఉంది. అందులో పైన ఉన్న మాటలన్నీ తెచ్చి వరసగా పేర్చారు. యంత్రానికి చదివించడానికి పైన ఒక మాట, రేపు ఎవరైనా నిలదీస్తే చూపించుకోవడానికి కింద ఇంకో మాట. రెండూ రాసింది ఒకే చెయ్యి. నిజం తెలిసి, దాన్ని ఎక్కడ పెడితే కనబడదో కూడా తెలిసి, అక్కడే పెట్టినవాళ్ళు ‘మాకు సంబంధం లేదు’ అని ఎలా అనగలరు?

మీ పట్టికలో ఒక గడిలో సర్దుకున్న ధర్మవరం పేరు వెనక ఏముందో చెప్తాను. హిందూపురం, మడకశిర, పెనుకొండ పల్లెల్లో రైతులు మల్బరీ వేసి పట్టుపురుగులు మేపుతారు. నాలుగో జ్వరం, అంటే నాలుగోసారి పొర విడిచే దశ, దాటిన పురుగు రాత్రీపగలూ తింటూనే ఉంటుంది. ఆ రోజుల్లో ఇంటిల్లిపాదికీ సరిగ్గా నిద్ర ఉండదు. చంద్రికలనే తట్టల మీద గూళ్ళు అల్లాక వాటిని విడదీసి హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్టుకు పట్టుకొస్తారు. మన ఎండలకు తట్టుకునే పురుగు కోసం, నాణ్యమైన గూటి కోసం హిందూపురం దగ్గర కిరికెరలో ఒక రాష్ట్రస్థాయి పట్టు పరిశోధన సంస్థే ఉంది. గూటినుంచి దారం తీసేవాళ్ళు, పురి వేసేవాళ్ళు, రంగు అద్దేవాళ్ళు, పడుగు సిద్ధం చేసేవాళ్ళు వేరువేరు మనుషులు. మగ్గం మీద పాత పడుగు అయిపోవచ్చినప్పుడు కొత్త పడుగు పోగులను పాత పోగుల చివర్లకు ఒక్కొక్కటిగా అతుకుతారు. వేల పోగులు. వేలికొసలతో తప్ప జరగని పని. ఇందులో ఎక్కువమంది ఆడవాళ్ళు, చూపు మందగించేదాకా ఇదే చేస్తారు. ఆ తర్వాతే నాడె ఆడుతుంది. అంచు, కొంగు, జరీ పువ్వు, డిజైన్ బరువును బట్టి ఒక చీరకు వారమో పది రోజులో ఇద్దరి శ్రమ పడుతుంది. ఆ డిజైన్లలో కొన్నింటికి మూలం లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు. విజయనగర కాలంలో అక్కడ చిత్రించిన స్త్రీల చీరల అంచులను మా నేతవాళ్ళు ఇప్పటికీ పట్టులోకి దించుతున్నారు.

ఇంతమంది చేతులు కలిస్తే ఊరికి వచ్చిన పేరు అది. దాన్ని మీ క్లయింటు కొనలేదు. మీరూ కొనలేదు. సొమ్మొకడిది సోకొకడిది అంటారే, సరిగ్గా అదే జరుగుతోంది.

దీనివల్ల ఎవరికి నష్టం అని మీలో కొందరు అడగొచ్చు. ఏడెనిమిది వందలకు చీర కొన్నవాళ్ళకు అది అసలుది కాదని తెలియదా అనీ అడగొచ్చు. అందరికీ తెలియదు. గుంటూరులో ఒక తల్లి కూతురి పెళ్ళికి చూస్తుంటుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న కోడలు ఇక్కడి అత్తగారికి పంపాలనుకుంటుంది. దుకాణంలో అయితే చీరను చేత్తో తడిమి చూస్తారు, కొంగు తిప్పి వెనకవైపు పోగులు చూస్తారు. అనుమానం ఉంటే చివరి దారం ఒకటి లాగి కాలుస్తారు. పట్టు అయితే జుట్టు కాలిన వాసన వచ్చి బూడిద పొడిగా రాలుతుంది, పాలిస్టర్ లాంటి కృత్రిమ దారం కరిగి గట్టి ఉండ కడుతుంది. తెరమీద తడమడానికీ కాల్చడానికీ ఏముంది? వాళ్ళకున్న ఆధారం మీరు రాసిన అక్షరాలొక్కటే. నకిలీలు అన్నీ ఏడెనిమిది వందలకే దొరకవు కూడా. ఏడెనిమిది వేలకు మరమగ్గం గుడ్డను చేనేత అని అంటగట్టే పేజీలు ఇంకా ప్రమాదం, ఎందుకంటే అక్కడ ధర చూసి అనుమానించే వీలు కూడా ఉండదు.

మోసపోయిన మనిషి మీ క్లయింటు పేరు గుర్తుపెట్టుకోడు. ధర్మవరం చీర రెండు ఉతుకులకే వెలిసిపోయిందని చెప్పుకుంటాడు. ఆ మాట పదిమందికి పాకుతుంది. దాని దెబ్బ చివరికి తగిలేది నెల చివర షావుకారు దగ్గర మజూరి కోసం నిలబడే మనిషికి. సరుకు కదలడం లేదు, రేటు తగ్గించుకో అని అతనికి చెప్తారు. అతని కడుపు మీద కొట్టిన వరసలో మీరు రాసిన శీర్షిక ఉందా లేదా?

ఇక చట్టం సంగతి. మేం కేవలం మాటలు రాసేవాళ్ళం అన్న ధీమా ఉన్నవాళ్ళు దీన్ని కాస్త నింపాదిగా చదవాలి. ధర్మవరం చేనేత పట్టు చీరలకు, పావడాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ గుర్తింపునిచ్చే 1999 నాటి చట్టం, తప్పుడు ఊరి పేరుతో సరుకును చూపడాన్ని నేరంగా చెప్పింది. పేరును గుడ్డమీద ముద్ర వేయనక్కరలేదు, ప్రకటనలోనో కేటలాగులోనో ధరల జాబితాలోనో సరుకుకు అంటగట్టినా చాలు. శిక్ష ఆరు నెలల నుంచి మూడేళ్ళ జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. కొన్ని రకాల వస్త్రాలను మరమగ్గాల మీద నేయకూడదని, వాటిని చేనేతకే వదిలిపెట్టాలని 1985లో పార్లమెంటు ఇంకో చట్టం చేసింది. ఇప్పుడు ఆ జాబితాలో ఉన్న 11 రకాల్లో చీర ఉంది. మరమగ్గాల యజమానులు కోర్టుకెక్కితే 1993లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదారి పట్టించే ప్రకటన అన్నప్పుడు ఇంటర్నెట్‌ను, వెబ్‌సైటును కూడా కలుపుకునే చెప్పింది. మీ వెబ్ పేజీ శీర్షిక ప్రకటన కాకుండా ఎలా పోతుంది? ప్రకటన కానిదానికి క్లయింటు మీకు నెలనెలా డబ్బు ఎందుకిస్తున్నాడు?

ఆ మరుసటి ఏడాది, 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనలను చదివినవాళ్ళు మీలో ఎంతమంది? ఆన్‌లైన్ అమ్మకాల సంస్థలు తమ వేదిక మీద సరుకులు ఏ లెక్కన ముందూ వెనకా కనిపిస్తున్నాయో, అందులో ముఖ్యమైన కొలమానాలేమిటో, దేనికెంత బరువో మామూలు మనిషికి అర్థమయ్యే భాషలో చెప్పాలని అందులో ఉంది. వరసలో ముందు నిలబెట్టడం కూడా జనానికి జవాబు చెప్పాల్సిన పనేనని ప్రభుత్వమే ఒప్పుకుందన్నమాట. అలాంటప్పుడు ఆ వరసను తెరవెనక నుంచి తోసేవాళ్ళకు మాత్రం జవాబుదారీ వద్దా?

గూగుల్ చూపిస్తోంది, మేం రాస్తున్నాం, తప్పయితే వాళ్ళే తీసేస్తారు కదా అన్న సమాధానం మీ దగ్గర సిద్ధంగా ఉంటుంది. ఆ సంస్థను వెనకేసుకురావడం నా ఉద్దేశం కాదు. గూగుల్ వ్యవస్థాపకులు సెర్గీ బ్రిన్, లారీ పేజ్ 1998లో స్టాన్‌ఫర్డ్‌లో రాసిన పరిశోధన పత్రంలోనే, ప్రకటనల ఆదాయం మీద బతికే సెర్చ్ ఇంజన్ వెతికేవాడి అవసరాన్ని వదిలి ప్రకటనదారుల వైపు మొగ్గుతుందని హెచ్చరించారు. తర్వాత వాళ్ళు కట్టింది ప్రకటనల మీద నడిచే సంస్థనే. భారత్ మ్యాట్రిమొనీ నడిపే సంస్థా, కట్స్ అనే వినియోగదారుల సంస్థా 2012లో ఇచ్చిన ఫిర్యాదుల మీద మన కాంపిటీషన్ కమిషన్ 2018 ఫిబ్రవరిలో సెర్చ్ ఫలితాల్లో పక్షపాతానికి గాను గూగుల్‌కు 135.86 కోట్ల జరిమానా వేసింది. గూగుల్ దానిమీద అప్పీలుకు వెళ్ళింది. వాళ్ళ లెక్కలు వాళ్ళు తేల్చుకోవాల్సిందే. భౌగోళిక గుర్తింపు ఉన్న పేరును వెతికినప్పుడు అధీకృత ఉత్పత్తిదారుల పేజీని గుర్తించి పైన చూపడం అంత పెద్ద సాంకేతిక శక్తి ఉన్నవాళ్ళకు చేతకాని పనేమీ కాదు. ఆ మాట వాళ్ళకూ రాయాల్సిందే.

అయితే వాళ్ళ తప్పు మీ తప్పును కడిగెయ్యదు. ఒక పేజీకి ఇతరులు ఇచ్చే లింకులను ఓట్లుగా లెక్కపెట్టడం వాళ్ళు మొదలుపెట్టారు. ఆ ఓట్లను కొనడం, దొంగ ఓట్లు వేయించడం మొదలుపెట్టింది మీ వృత్తే. 2011లో అమెరికాలో జేసీపెన్నీ అనే పెద్ద దుకాణ సంస్థ దుస్తులు, పరుపులు, ఇలా దేన్ని వెతికినా ముందు తనే కనిపించింది. చీరకూ చెప్పుకూ సంబంధం లేని వందల సైట్లలో డబ్బిచ్చి పెట్టించిన వేల లింకులే కారణమని న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. గూగుల్ దాన్ని కిందికి దించింది. ఆ తర్వాత ర్యాంకుల లెక్క మారుస్తూ పాండా అన్నారు, పెంగ్విన్ అన్నారు, 2024 మార్చిలో కుప్పలుతెప్పలుగా తయారుచేసే పేజీల మీద కొత్త నియమాలు తెచ్చారు. ప్రతిసారీ మీవాళ్ళు ఇంకో సందు వెతికారు. జర్మనీలో లైప్‌జిగ్, వైమర్ పరిశోధకులు వస్తువుల సమీక్షలకు సంబంధించిన 7,392 ప్రశ్నలకు వచ్చిన ఫలితాలను ఏడాదిపాటు గమనించారు. పై వరసల్లో నిలిచిన పేజీలు మిగతావాటికంటే ఎక్కువగా ఎస్ఈఓ చేసినవీ, కమీషను లింకులతో నిండినవీ, రాతలో నాణ్యత తక్కువవీ అని 2024లో ప్రచురించారు. మీ గెలుపు ఇలా ఉంటే, వెతికేవాడికి మిగిలిందేమిటి?

చీరలను ఒక్క క్షణం పక్కన పెడదాం. ‘బెస్ట్ ఏసీ రిపేర్ ఇన్ హిందూపురం’, ‘బెస్ట్ ఏసీ రిపేర్ ఇన్ పెనుకొండ’, ‘బెస్ట్ ఏసీ రిపేర్ ఇన్ ధర్మవరం’. మూడు పేజీలు, ఒకే రాత, ఊరి పేరు ఒక్కటే మారుతుంది. మూడూళ్ళలోనూ వాళ్ళకు మనిషి ఉండడు, గది ఉండదు, ఒకే ఫోను నెంబరు ఉంటుంది. హిందూపురంలో సొంతంగా చిన్న దుకాణం పెట్టుకుని, ఊళ్ళో పదిమందికీ తెలిసిన మెకానిక్ ఆ పేజీల కింద ఎక్కడో పడిపోతాడు. ఇలాంటి పేజీలకు మీ భాషలో డోర్‌వే పేజీలని పేరుంది, అవి నిషిద్ధమని గూగుల్ నియమాల్లోనే రాసి ఉంది. తెలిసీ చేస్తున్నారు. ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీలో 2019లో కార్ల ఉత్పత్తి మొదలైనప్పటినుంచి పెనుకొండ పేరుతో ఉద్యోగాలు వెతికే ఐటీఐ, డిప్లొమా పిల్లలకు కొదవ లేదు. నియామకాలేవీ లేని రోజున కూడా ‘అప్లై నౌ’ అని పేజీ కట్టి, ఆ పిల్లల ఫోను నెంబర్లు రాబట్టి ఎవరికో అమ్ముకునే పేజీకి ర్యాంకు తేవడాన్ని ఏ వృత్తి నైపుణ్యం అనాలి?

ఇదే విద్య ఇంకా కిందికి దిగితే ఎక్కడికి చేరుతుందో కూడా మీకు తెలుసు. బ్యాంకు కస్టమర్ కేర్ నెంబరు కోసం వెతికినవాళ్ళకు మోసగాళ్ళ నెంబర్లు దొరుకుతున్నాయని, ఆ దారిలో ఖాతాలు ఖాళీ అవుతున్నాయని చెప్తూ రిజర్వ్ బ్యాంకు 2022లో తెచ్చిన హెచ్చరిక పుస్తకంలో దానికి ప్రత్యేకంగా చోటిచ్చింది. మీరు ఆ మోసగాళ్ళు కారు. కానీ లేని ఊళ్ళో ఉన్నట్టు పేజీ కట్టడం, కాని సరుకును ఔనన్నట్టు శీర్షిక రాయడం అన్న అలవాటును మామూలు వ్యాపారంగా మార్చింది మీ రంగమే. ఆ దారి వేసి ఉండబట్టే దొంగ కూడా అందులో నడుస్తున్నాడు. పైగా ఇప్పుడు వెతికితే పేజీల జాబితా కంటే ముందు యంత్రమే సమాధానం చెప్పేస్తోంది. అది ఆ సమాధానం అల్లేది మీరు పోగేసిన రాతల నుంచే. రేపు ధర్మవరం చీర అంటే ఏమిటని ఒక పిల్ల అడిగితే, మా ఊరి నేతగాడి మాట చెప్తుందా, మీ శీర్షిక చెప్తుందా?

మీ విద్య చెడ్డదని నేననడం లేదు. అది మా ఊళ్ళకు చాలా అవసరం. ధర్మవరంలో మంచి చీర నేసేవాళ్ళలో చాలామందికి ఇంటర్నెట్‌లో ఒక్క పేజీ లేదు. ఉన్నా అది తెరుచుకోదు, తెరుచుకున్నా ఫొటో మసకగా ఉంటుంది, మాటలు ఎవరో యంత్రంతో చేయించిన తెలుగులో ఉంటాయి. ఒక సహకార సంఘానికి మంచి పేజీ చేసిపెట్టండి. మగ్గం మీద ఉన్న చీర ఫొటో పెట్టండి. ఎన్ని రోజులు పట్టింది, జరీ ఏ రకం, సిల్క్ మార్క్ లేబులు ఉందా, చేనేత గుర్తు ఉందా అన్నది శీర్షిక పక్కనే రాయండి. 2004 నుంచి సిల్క్ మార్క్ ఉంది, 2006 నుంచి హ్యాండ్లూమ్ మార్క్ ఉంది. రెండింటి గురించీ కొనేవాళ్ళకు తెలుగులో సులభంగా చెప్పే పేజీని మీరే పైకి తీసుకురావచ్చు. తెలుగులో వెతికేవాళ్ళు పెరుగుతున్నారు, వాళ్ళకు దొరికే మంచి రాత తక్కువ. ఆ లోటు తీర్చే పనికి మీకంటే తగినవాళ్ళెవరు?

మరీ ముఖ్యంగా, బెంగళూరులో, హైదరాబాదులో ఈ ఉద్యోగాలు చేస్తున్న మా సీమ పిల్లలతో ఒక మాట. హిందూపురంలో రైలెక్కి బెంగళూరు చేరినవాళ్ళు మీలో ఎందరో ఉన్నారు. మీలో కొందరి ఫీజులు కట్టింది మగ్గం మీద వచ్చిన మజూరే. టార్గెట్ల ఒత్తిడి నాకు అర్థమవుతుంది, పైవాళ్ళు చెప్పింది కాదంటే ఉద్యోగం పోతుందన్న భయమూ అర్థమవుతుంది. అందుకే ముందుగా అడుగుతున్నది సంస్థల యజమానులను. ‘బాబూ, నువ్వు రాయకపోతే ఇంకొకడు రాస్తాడు’ అని పైవాళ్ళు మీకు చెప్తారు. ఇంకొకడు రాస్తే రాయనివ్వండి. మీ అమ్మ అతికిన పడుగు పేరును ప్లాస్టిక్ దారానికి మీ చేత్తో తగిలించకండి.

యజమానులారా, మా కోరిక పెద్దది కాదు. ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం. ఆ లోగా మీ చేతిలో ఉన్న క్లయింట్ల సైట్లన్నింటిలో ధర్మవరం అన్న పేరును వెతికించండి. ఎక్కడ ఆ పేరుందో అక్కడ ఆ సరుకు చేనేతా, పట్టేనా, ఎక్కడ నేసింది అని క్లయింటును రాతపూర్వకంగా అడగండి. ఆధారం చూపించలేకపోతే పేరు తీసేయండి. తీయనన్న క్లయింటును వదులుకోండి. ఊరికో పేజీ పథకాలు మానేయండి. కొత్తగా చేరినవాళ్ళకు కీవర్డుల పట్టిక నేర్పే ముందు భౌగోళిక గుర్తింపు చట్టం ఒక పూట చదివించండి. చేసినవాళ్ళు చేశామని బయటికి చెప్పండి, మీ దగ్గరికి పని పంపడానికి మా సంఘాల్లో తిరిగి చెప్పే బాధ్యత నాది. చెయ్యనివాళ్ళ పేజీలను ముద్రించి, వినియోగదారుల కమిషన్ ముందూ భౌగోళిక గుర్తింపు రిజిస్ట్రీ ముందూ పెట్టే పని కూడా ఆగస్టు 8న మొదలవుతుంది.

ఇట్లు,
ధర్మవరం నుంచి ఒక చేనేత కుటుంబీకుడు